పాత ప్లాస్మా టీవీ కొనవచ్చునా?

హట్టి బంగారు గనిలో పనిచేసే మిత్రుడొకరు గత నెల నా సలహా కోరారు. బెంగళూరులోని బంధువు తన 50 అంగుళాల ప్లాస్మా టీవీని చౌకగా ఇస్తానన్నారట. "అంత పెద్ద తెర కొత్తది మాకు అందదు సార్, తీసుకోమంటారా?" అని వారి ప్రశ్న. ఇట్టి సందేహం ఇతర పాఠకులకూ కలుగవచ్చును గనుక వివరంగా వ్రాస్తున్నాను.

ప్లాస్మా అనగానేమి? ట్యూబులైటును తలచుకోండి. గొట్టంలోని వాయువు గుండా విద్యుత్తు ప్రవహించినపుడు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు పుట్టి, గాజు లోపల పూసిన పొడిని వెలిగిస్తాయి. ప్లాస్మా తెరలో నియాన్, జెనాన్ వాయువులు నింపిన అటువంటి సూక్ష్మమైన గదులు లక్షల సంఖ్యలో ఉంటాయి. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ విధానాన్ని కనుగొన్నారు. ప్రతి చుక్కా స్వయంగా వెలుగుతుంది కాబట్టి చీకటి దృశ్యాలు చక్కగా కనబడతాయి. కబడ్డీ ఆటగాడు ఎంత వేగంగా దూకినా బొమ్మ అలుక్కుపోదు. చవక ఎల్‌ఈడీ టీవీలలో ఈ సుఖం తక్కువే.

అయితే పానసోనిక్ సంస్థ 2013 చివరలో, శాంసంగ్, ఎల్‌జీ 2014లో ప్లాస్మా తయారీకి స్వస్తి చెప్పాయి. కనుక నేడు దొరికేవన్నీ పదేళ్లు దాటినవే. తెర చెడితే ఇక ఆశ వదలుకోవలసిందే.

విద్యుత్తు సంగతి మరీ ముఖ్యం. ఆ టీవీ వెనుక చీటీపై 350 వాట్లని ఉంది. దృశ్యాన్ని బట్టి వాడకం మారుతుంది గాని, ఆ లెక్కన రోజుకు 5 గంటలు చూస్తే నెలకు 52 యూనిట్లు దాటుతుంది. 100 వాట్ల ఎల్‌ఈడీకి 15 యూనిట్లు చాలు. 2023లో మొదలైన గృహజ్యోతి పథకంలో వాడకం 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు మనమే కట్టవలె. వేసవిలో కూలరు తిరిగే ఇంట ఈ 37 యూనిట్ల తేడా చిన్నదేమీ కాదు. పైగా ప్లాస్మా విడిచే వేడి వేరు. రాయచూరు ఎండలకు అది ఒక్కటే తక్కువ!

చూడబోయేవారు పగటి వెలుగులో చూసి మోసపోరాదు. ముందరి గాజులో ఎదుటి కిటికీయే కనబడుతుంది. రాత్రి, వోల్టేజి తగ్గే వేళ, ఒక గంట నడిపించి చూడాలి. పెన్ డ్రైవ్‌లో ఒక తెల్లని బొమ్మ, ఒక ఎర్రని బొమ్మ తీసుకుని పోండి. ఒకే ఛానలు ఏళ్ల తరబడి చూసి ఉంటే దాని గుర్తు నీడలా తెరపై మిగిలిపోతుంది. ఆ మచ్చ సాధారణంగా పోదు. సెట్‌టాప్ బాక్సులో మామూలు ప్రసారాలే వస్తుంటే, అంత పెద్ద తెరపై, దగ్గర నుండి, బొమ్మ మసకగా ఉంటుంది. కనీసం 10 అడుగుల దూరం కావాలి. క్వార్టర్సు గదిలో అంత చోటెక్కడ? తీసుకొచ్చేటప్పుడు నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే గాజు పగిలే ప్రమాదముంది.

మిత్రునితో మేమూ వెళ్లి తెల్లని బొమ్మ పెట్టి చూశాము. క్రింది అంచున ఒక వార్తా ఛానలు పట్టీ స్పష్టంగా కనబడింది. "మేము చూడని ఛానలు పేరు మా ఇంట్లో ఎందుకండీ?" అన్నారు మిత్రుని శ్రీమతి. బేరం అక్కడితో ఆగింది.