మిర్చికి పొరుగు గిరాకీ: లాభమెంత, గండమెంత?

దొనకొండ: పశ్చిమ ప్రకాశంలో ఒకప్పుడు విదేశీ గిరాకీ అంటే ముందు గుర్తొచ్చేది పొగాకే. పొదిలి, కనిగిరి రైతులు పండించిన పొగాకుకు సోవియట్ యూనియన్ పెద్ద ఖాతాదారు. ఇప్పుడు దొనకొండ, మార్కాపురం, త్రిపురాంతకం చేలనుంచి గుంటూరు యార్డుకు చేరే మిర్చికి ఆసియా దేశాలే ప్రధానమైన బేరగాళ్లు. చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్, శ్రీలంక, ఇండొనేషియా, మలేషియా ఆ వరుసలోవి. తేజ రకానికి చైనా గిరాకీ మరీ ముఖ్యం. యూరప్, అమెరికాలు కొంటున్నా పురుగుమందుల అవశేషాల విషయంలో వాటి పరీక్ష గట్టిది.

పొరుగు బేరంలో సౌకర్యం రవాణాయే. 2020 లాక్‌డౌన్‌లో లారీలు కదలక సరుకు నిలిచినపుడు, ఆ జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైలు నడిచింది. అది మోసుకుపోయిన మిర్చి సుమారు 384 టన్నులు. లారీలో టన్నుకు దాదాపు 7,000 రూపాయలయ్యే కిరాయి రైలులో సుమారు 4,600కు దిగింది. దొనకొండ స్టేషన్ కూడా ఆ గుంటూరు డివిజన్‌లోనిదే.

గండమూ అక్కడే ఉంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. అక్కడి దిగుమతిదార్లకు డాలర్లు దొరకడమే కష్టమైంది. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్ అల్లర్లతో పెట్రాపోల్ సరిహద్దులో సరుకు కొన్నాళ్లు ఆగింది. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన తేజ, 2025 ఆరంభానికి బాగా మెత్తబడింది. ఎగుమతి గిరాకీ మందగించింది; కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వలు పేరుకున్నాయి. చివరకు ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి, 2.58 లక్షల టన్నులకు మార్కెట్ జోక్య పథకాన్ని అనుమతించవలసి వచ్చింది.

1991లో సోవియట్ యూనియన్ కూలగానే పొగాకు వర్తకులు నష్టపోయిన సంగతి పాతవారికి తెలిసిందే. అది దూరపు బేరం, ఇది దగ్గరి బేరం. దెబ్బ తగిలే తీరు మాత్రం ఒకటే. గండం దూరంలో లేదు, కొనేవారు కొద్దిమందే కావడంలో ఉంది. టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి ఎక్కించే వర్తకుడు యార్డు ధరతోపాటు, తన సరుకు ఎన్ని దేశాలకు పోగలదో కూడా లెక్క వేసుకోవాలి. ఒక్క దేశాన్నే నమ్మి నిలవచేస్తే, ఆ దేశం తలుపు మూసిన రోజున వడ్డీ, గిడ్డంగి అద్దె రెండూ తన నెత్తినే పడతాయి.