చలి నుంచి వేడిని తోడే యంత్రం

జ్యూరిక్ నగరం నడిబొడ్డున లిమ్మత్ నది పారుతుంది. ఆ నదిలోకే స్తంభాలు దింపి కట్టిన టౌన్‌హాలు ఒకటుంది, దాని నిర్మాణం 1698లో పూర్తయింది. 1938లో అక్కడి కట్టెల పొయ్యిలను తీసేసి, ఎస్షర్ వీస్ అనే స్విస్ కంపెనీ ఒక యంత్రాన్ని బిగించింది. చలికాలంలో చేయి పెడితే కొంకర్లు పోయే ఆ నది నీళ్లలోంచే అది వేడిని లాగేది. ఆ వేడితో 60 డిగ్రీల దాకా నీళ్లు కాచి భవనమంతా తిప్పేది. ఎండాకాలంలో ఆ గదుల్నే చల్లబరిచేది. అలా 2001 దాకా, 63 ఏళ్లు పనిచేసింది. మన ఇళ్లలో ఫ్రిజ్ పాతికేళ్లు నడిస్తేనే పదిమందికీ చెప్పుకుంటాం!

చల్లటి నీళ్లలో వేడెక్కడిది? సున్నా డిగ్రీలంటే వేడి పూర్తిగా అయిపోయిందని కాదు, నీళ్లు గడ్డకడతాయని మాత్రమే. వేడి నిజంగా అడుగంటాలంటే మైనస్ 273 డిగ్రీల దాకా దిగాలి. కాబట్టి మంచు కురిసే రోజున గాలిలోనూ బోలెడంత వేడి ఉంటుంది. కాకపోతే అది పల్లంలో ఉంది, దానంతట అది గదిలోకి ఎక్కి రాదు. బోరు మోటారు నీళ్లను పుట్టించదు, ఉన్న నీళ్లను పైకి తోడుతుంది. వంద అడుగుల నుంచి తోడితే ఒక లెక్క, ఐదొందల అడుగుల నుంచి తోడితే కరెంటు లెక్క వేరు. జ్యూరిక్‌లో బిగించిన ఆ యంత్రం పేరు హీట్ పంప్, దానిదీ ఇదే తంతు. బయట ఐదు డిగ్రీలుంటే దానికి సులువు, మైనస్ ఇరవై అయితే ఆయాసం. అయినా మామూలు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంటే, ఇది ఓ మోస్తరు చలిలో మూడింతలు తెచ్చిపెడుతుంది. కరెంటు ఖర్చయ్యేది తోడిన కూలికే.

ఈ లెక్క 1852 నాటికే తేలిపోయింది. గ్లాస్గోలో ప్రొఫెసరుగా ఉన్న 28 ఏళ్ల విలియమ్ థామ్సన్, తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయిన ఆయనే, భవనాలను గాలి ప్రవాహాలతో పొదుపుగా వేడిచేయడం, చల్లబరచడం గురించి ఒక పత్రం రాశాడు. వేడి, చలువ రెండూ ఆ పత్రం పేరులోనే ఉన్నాయి. గాలిని వ్యాకోచింపజేసి చల్లబరచు, బయటి వాతావరణం నుంచి వేడిని తీసుకోనివ్వు, మళ్లీ అదిమి లోపలికి వదులు. యంత్రాన్ని కాగితం మీద పెట్టాడు, కానీ ఇంటిని వెచ్చబరచడానికి కట్టించుకున్నవాడు లేడు.

ఎందుకంటే బ్రిటన్‌లో బొగ్గు కారుచవక. కుంపటితో పోయేదానికి కంప్రెసర్ ఎందుకు? చలువ సంగతి అలా కాదు, దానికి గిరాకీ ఉంది. 1880 నాటికల్లా అదిమిన గాలితో నడిచే శీతల యంత్రాలు ఓడలెక్కి, ఆస్ట్రేలియా మాంసాన్ని చెడకుండా లండన్ చేర్చాయి. ఒకే సూత్రంలో సగం వ్యాపారమైంది, సగం అటకెక్కింది. నన్నడిగితే హీట్ పంప్ కథంతా ఇంధనం కరువు కథే. ఆస్ట్రియాలోని ఏబెన్సే ఉప్పు కర్మాగారంలో పీటర్ రిట్టింగర్ 1850ల్లోనే ఉప్పునీటి ఆవిరిని అదిమి, అందులోని వేడితోనే మళ్లీ ఉప్పునీటిని మరిగించే ప్రయోగం చేశాడంటే, అక్కడా వంటచెరకు ఆదా చేయాలన్న ఆరాటమే.

స్విట్జర్లాండులో బొగ్గు లేదు. కొండల నిండా జలవిద్యుత్తు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు రావడం గగనమయ్యేసరికి జ్యూరిక్‌లో ఈతకొలనుకూ హీట్ పంప్ వచ్చింది. ఇంగ్లండులోని నార్విచ్‌లో జాన్ సమ్నర్ అనే ఇంజినీరు, అదే యుద్ధకాలంలో పాత సామాన్లు కూడదీసి, వెన్సమ్ నది నీళ్లతో నడిచే యంత్రాన్ని 1945లో నడిపించాడు. అది యూనిట్‌కు మూడు యూనిట్లకు పైగా వేడినిచ్చింది. యుద్ధం ముగిసింది, చమురు చవకైంది, ఐరోపా మళ్లీ మరిచిపోయింది. 1973లో చమురు ధర మండిపోయేదాకా గుర్తు రాలేదు.

అమెరికా దారి వేరు. అక్కడ ఏసీ ముందు ఇళ్లలోకి వచ్చింది, వేడి దాని వెనకాలే వచ్చింది. ఏసీని వెనక్కి తిప్పితే హీటరవుతుంది కదా! ఆ తిప్పే పనిచేసేది అరచేతిలో పట్టే ఇత్తడి గొట్టం, నాలుగు దారుల వాల్వు. దానికి ఒక పక్క ఒక రాగి గొట్టం, ఇంకో పక్క వరసగా మూడు. ఒంటరి గొట్టంలోకి కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ వస్తుంది. మూడింటిలో నడిమిది గ్యాస్‌ను తిరిగి కంప్రెసర్‌కు చేరుస్తుంది. అటూ ఇటూ ఉన్నవి ఒకటి ఇంట్లో కాయిల్‌కు, ఒకటి బయటి కాయిల్‌కు. లోపల చిన్న జారుడు దిమ్మ ఉంటుంది. అది అటు జరిగితే ఇంట్లో కాయిల్ వేడెక్కుతుంది, ఇటు జరిగితే చల్లబడుతుంది. జరిగినప్పుడు ‘బుస్’మని చప్పుడు.

అట్లాంటాలోనో రాలీలోనో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఈ చప్పుడుకు మొదటి చలికాలంలో ఉలిక్కిపడతారు. సున్నాకు దిగువన పనిచేసేటప్పుడు బయటి కాయిల్ మీద గాలిలోని తేమ మంచుపొరలా పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం కొద్ది నిమిషాలు ఏసీగా మారి వేడి గ్యాస్‌ను బయటికి మళ్లిస్తుంది. ఫ్యాను ఆగుతుంది, పెట్టెలోంచి తెల్లటి ఆవిరి లేస్తుంది. నిప్పంటుకుందని కంగారు పడనక్కర్లేదు. ఇంకో ఫిర్యాదు కూడా వినబడుతుంటుంది, గాలి గోరువెచ్చగానే వస్తోందని. గ్యాస్ ఫర్నేసులా సెగ కొట్టదు మరి. మెల్లగా, ఎక్కువసేపు నడవడం దాని తీరు.

దీనికున్న అసలు మచ్చ గొట్టాల్లో తిరిగే గ్యాస్. జ్యూరిక్ యంత్రంలో నింపిన ఆర్-12 ఓజోన్ పొరను తినేసే రకం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం అలాంటివాటికి చెల్లుచీటీ రాసింది. ఇప్పుడు మన ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32 ఓజోన్‌ జోలికి పోదు. కానీ కారితే భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు వందల రెట్లు. అందుకే ఐరోపా తయారీదారులు మామూలు ప్రొపేన్ వైపు మళ్లుతున్నారు. అంటుకునే గ్యాస్ కాబట్టి పెట్టెలో కొద్దిగానే నింపాలి, లీకు కాకుండా కట్టుదిట్టం చేయాలి.

రెండు పనులూ ఒకేసారి చేసినప్పుడే ఈ యంత్రం ఒడుపు కనిపిస్తుంది. హెల్సింకిలో కాత్రి వాలా పార్కు కింద, నేల లోపల 2006 నుంచి నడుస్తున్న హీట్ పంపులు శుద్ధిచేసిన మురుగునీటి వేడిని తోడి ఊరికి వేణ్నీళ్లు పంపుతాయి, అక్కడి నుంచే చల్లటి నీళ్లూ భవనాలకు వెళ్తాయి. గదిలోంచి తీసిన వేడి పారబోసేది కాదు, కుళాయిలోకి వెళ్లేది. హైదరాబాద్, విజయవాడల్లో ఇళ్లను వెచ్చబరచాల్సిన అవసరం అంతగా రాదు. అయితే ఆస్పత్రులకూ హోటళ్లకూ ఏడాది పొడుగునా ఏసీ కావాలి, వేణ్నీళ్లూ కావాలి. ఒకే హీట్ పంప్ ఆ రెండింటినీ ఇవ్వగలదు, ఇలాంటి ఏర్పాట్లు మన దేశంలోనూ వచ్చాయి. అపార్టుమెంట్లలో మాత్రం ఔట్‌డోర్ యూనిట్ బాల్కనీలోకి వేడిని ఊదుతూనే ఉంటుంది, గోడకు అవతల బాత్‌రూములో రెండువేల వాట్ల గీజర్ నడుస్తూనే ఉంటుంది.