నైట్‌ డ్యూటీ... నా చదువు!

"ఉద్యోగం ఉందిగా! ఈ వయసులో మళ్లీ చదువేంటమ్మా?"

2019లో ఇగ్నో దరఖాస్తు నింపుతుంటే మా అమ్మ అన్న మాట ఇది. అమ్మను తప్పుపట్టను. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు, ఇద్దరు పిల్లలు. చర్ల మండలంలో ఓ ఆస్పత్రిలో స్టాఫ్‌ నర్సును. వారంలో రెండు మూడు రాత్రులు డ్యూటీ. తెల్లారి ఇంటికొస్తే వంటింట్లో మరో డ్యూటీ!

జీఎన్‌ఎం చదివి ఉద్యోగంలో చేరినవాళ్లు దూరవిద్యలో బీఎస్సీ నర్సింగ్‌ పూర్తిచేయొచ్చు. రెండేళ్ల అనుభవం ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. మూడేళ్ల కోర్సు. ప్రమోషన్‌ కోసమే చేరానని అందరూ అనుకున్నారు. నిజమైన కారణం వేరే ఉంది.

ఆ రాత్రి...

తాలిపేరు అవతలి గూడెం నుంచి తొలి కాన్పుకి ఒకమ్మాయి వచ్చింది. నొప్పులు సాగుతూనే ఉన్నాయి. "తొలిచూలు కదా, ఆలస్యం మామూలే" అనుకున్నాను. అనుమానం వచ్చి భద్రాచలం పంపేసరికి బాగా పొద్దుపోయింది. ఇక్కడి నుంచి దాదాపు అరవై కిలోమీటర్లు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ కాన్పు ఎలా సాగుతోందో రాయాల్సిన పార్టోగ్రాఫ్‌ కాగితాన్ని నేను మర్నాడు ఫైలు కోసం నింపాను. ఆ సంగతి నాకు తెలుసుగా!

కోర్సు పుస్తకంలో పార్టోగ్రాఫ్‌ పాఠం వచ్చినప్పుడు చదవలేక మూసేశాను. రెండ్రోజుల తర్వాత మళ్లీ తెరిచాను. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, నాలుగు గంటలకోసారి గర్భాశయ ద్వారం ఎంత తెరుచుకుందో అందులో గుర్తుపెట్టాలి. మన గుర్తులు 'హెచ్చరిక గీత' దాటితే చిన్న ఆస్పత్రి నుంచి పెద్దాస్పత్రికి పంపే ఏర్పాట్లు చూడాలి. దానికి నాలుగు గంటల అవతల 'చర్య గీత' ఉంటుంది. రెండు గీతల మధ్య అంత ఎడం ఎందుకో చర్లలో పనిచేసేవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. దారికి టైం కావాలి మరి!

ఆ తర్వాత ఏ కాన్పుకీ ఆ కాగితం మర్నాడు నింపలేదు. కొన్నాళ్లకి ఓ అర్ధరాత్రి గుర్తులు గీత దాటగానే డాక్టరుగారికి ఫోన్‌ చేశాను, 108 పిలిపించాం. ఈసారి భద్రాచలం నుంచి తల్లీబిడ్డా ఇద్దరూ తిరిగొచ్చారు.

గోదావరి పెట్టిన పరీక్ష

చదువుకి టైం ఎక్కడిదంటారా? నైట్‌ డ్యూటీలో పేషెంట్లు నిద్రపోయాక ఓ గంట దొరికితే గొప్ప. బస్సులో నోట్సు. ప్రాక్టికల్‌ క్లాసులకి వెళ్లాలంటే తోటి సిస్టర్లతో డ్యూటీలు మార్చుకోవాలి. వాళ్ల పండగ డ్యూటీలు నేను చేసి ఆ బాకీ తీర్చుకునేదాన్ని. సెలవు కాగితం మీద సంతకం కోసం ఓ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను.

2022 జూలైలో పరీక్షలకి తయారవుతుంటే గోదావరి వచ్చిపడింది. 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. దారులు మునిగిపోయాయి. నెలలు నిండినవాళ్లను ముందే ఆస్పత్రికి చేర్చాం. ఇల్లు, పుస్తకం రెండూ మర్చిపోయి డ్యూటీ చేశాం. ఆ విడత పరీక్షలు రాయలేకపోయాను.

"ఇక చాల్లే" అనుకుని పుస్తకాలు అటక మీద పెట్టేశాను. దించింది మా అత్తగారు! "పొయ్యి నేను చూసుకుంటా, నువ్వు చదువుకో" అన్నారు. ఆవిడ బడి మొహం చూడలేదు. మా వారు పిల్లల్ని బడికి తయారుచేయడం నేర్చుకున్నారు. మొదట్లో జడలు వంకరగా ఉండేవి, తర్వాత కుదిరాయి. మిగిలిన పేపర్లు డిసెంబరులో రాసి గట్టెక్కాను.

ఇంకో మెట్టు

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్‌ అనే నర్సు, హెన్రీ సిల్వర్‌ అనే పిల్లల డాక్టరు కలిసి 'నర్స్‌ ప్రాక్టీషనర్‌' శిక్షణ మొదలుపెట్టారు. డాక్టర్లు అందని ఊళ్లలో అనుభవమున్న నర్సే పిల్లల్ని పరీక్షించి వైద్యం చూడాలన్నది వాళ్ల ఆలోచన. చదువుతుంటే మా చర్ల గురించే రాసినట్టనిపించింది!

మన దగ్గర కూడా తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో 30 మంది స్టాఫ్‌ నర్సులతో మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. ఏడాదిన్నర శిక్షణ అది. మామూలు కాన్పుల్ని సొంతంగా చూడగలిగే 'నర్స్‌ ప్రాక్టీషనర్‌ ఇన్‌ మిడ్‌వైఫరీ'ని తయారుచేయాలని కేంద్రం 2018 డిసెంబరులో మార్గదర్శకాలిచ్చింది.

నాకూ ఆ శిక్షణకి వెళ్లాలనుంది. అయితే అది డ్యూటీల మధ్య చదివే చదువు కాదు. ఏడాదిన్నర పిల్లల్ని వదిలి ఉండాలి. ఇంట్లో ఇంకా తర్జనభర్జన సాగుతోంది. ఒకటి మాత్రం ఖాయం, అవకాశమొస్తే దరఖాస్తు పెడతాను.

చదవాలనుకునే సిస్టర్లకు నా అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. డ్యూటీ చార్టు, పరీక్షల తేదీలు పక్కపక్కన గోడకి అంటించుకోండి. నైట్‌ డ్యూటీ అయ్యాక ముందు నిద్రపోండి, తర్వాతే పుస్తకం. ఈరోజు వార్డులో చూసిన జబ్బు గురించి ఈరోజే చదవండి, మర్చిపోరు. అన్నీ మీరే చేయాలనుకోకండి. ఇంట్లోవాళ్లని నోరు తెరిచి సాయం అడగండి. నేను అడగడానికి మూడేళ్లు పట్టింది. మీరు మొదటి రోజే అడిగేయండి!