ఒంటిమీదే చిరునామా!

అదుపూ ఆజ్ఞా లేకుండా తిరిగేవాణ్ని 'అచ్చోసిన ఆంబోతు' అంటాం. ఆ మాట తిట్టుగా మిగిలిపోయింది కానీ, దాని వెనక ఓ ఆచారం ఉంది. పెద్దలు పోయినప్పుడు వారి పేరున ఓ కోడెదూడకు శూలమో చక్రమో కాల్చి అచ్చువేసి, దేవుడికి వదిలేసేవారు. ఆ గుర్తున్న ఆంబోతును ఎవరూ కట్టేయకూడదు, కాడి కట్టకూడదు. చేలో పడి మేసినా సహించాల్సిందే. అంటే, ఆ వాత వట్టి మచ్చ కాదు. 'నేను ఫలానావారి సొత్తు' అని పశువు తరఫున లోకానికి చేసిన ప్రకటన!

పశువులకు ఇలా గుర్తులు వేయడం వేల ఏళ్లనాటి పద్ధతి. ఈజిప్టు సమాధుల గోడలమీద ఎడ్లకు వాతలు పెడుతున్న బొమ్మలున్నాయి. ఆవుల చెవులమీద వేసే గుర్తుల్ని పాణిని తన వ్యాకరణంలోనే ప్రస్తావించాడు. ఎనిమిది, అయిదు అంకెలూ స్వస్తికమూ చెవికి చిల్లూ... అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పాండవుల ముందు తన వైభవం చాటుకోవాలనుకున్న దుర్యోధనుడు ఘోషయాత్రకు చెప్పిన సాకు కూడా ఇదే- మందల్ని లెక్కపెట్టి, దూడలకు గుర్తులు వేయించాలని!

అల్లావుద్దీన్ ఖిల్జీది మరో అవసరం. కొందరు సైనికులు తనిఖీలో మేలుజాతి గుర్రాన్ని చూపించి, ఆ తర్వాత దాని స్థానంలో బక్కదాన్ని తెచ్చేవారు. ఆ మోసాన్ని ఆపడానికి గుర్రాలకు ముద్ర వేయించాడాయన. 'దాగ్' అనే ఆ పద్ధతిని తర్వాత అక్బరు కూడా అమలుచేశాడు.

అచ్చు లేనిదే ఆంబోతు!

వాతలు ఓ లిపిగా ఎదిగింది మాత్రం అమెరికా పశ్చిమ ప్రాంతంలో. స్పెయిన్‌వాళ్లు మెక్సికోకు తెచ్చిన ఈ అలవాటు టెక్సస్‌కు పాకింది. అప్పట్లో అక్కడ కంచెల్లేవు. పదిమంది మందలూ ఒకేచోట కలిసి మేసేవి. ఏటా వాటిని పోగుచేసి వాతలు వేసేవారు. తల్లి వెంట నడిచే దూడకు తల్లి గుర్తే పడేది.

శామ్యూల్ మావెరిక్ అనే టెక్సస్ న్యాయవాది తన పశువులకు గుర్తులు వేయించడం పట్టించుకోలేదు. దాంతో వాత లేని పశువు ఎక్కడ కనిపించినా 'మావెరిక్' అనడం మొదలైంది. ఎవరి మాటా వినకుండా తన దారిన తాను పోయే మనిషికీ ఆ పేరే స్థిరపడింది. చిత్రమేమిటంటే, మన దగ్గర అచ్చు వేసింది స్వేచ్ఛగా తిరిగితే, అక్కడ అచ్చు వేయనిది తిరిగింది!

చదవడం ఎలా?

ఈ గుర్తుల్ని చదవడానికి పద్ధతి ఉంది. ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి, బయటి నుంచి లోపలికి చదవాలి. అక్షరం పక్కకు పడుకుని ఉంటే 'లేజీ', అంటే బద్ధకంగా ఉన్నట్టు. కింద ఊగుడు కుర్చీలా వంపు ఉంటే 'రాకింగ్', రెక్కలుంటే 'ఫ్లయింగ్', కాళ్లుంటే 'వాకింగ్'. అడ్డగీత 'బార్'. పడుకున్న ఎస్ కింద అడ్డగీత ఉంటే 'లేజీ ఎస్ బార్' అన్నమాట. టెక్సస్‌లోని ప్రఖ్యాత కింగ్ రాంచ్ గుర్తు 'రన్నింగ్ డబ్ల్యూ'.

చదివినంత మాత్రాన యజమాని దొరకడు. ఆ గుర్తు ఒంటిమీద ఎక్కడుందన్నదీ ముఖ్యమే. ఎడమ తుంటిమీద ఒకరిదైతే, అదే గుర్తు కుడి భుజంమీద ఇంకొకరిది కావచ్చు. పశ్చిమాన చాలా రాష్ట్రాలకు ఒక్కో గుర్తుల పుస్తకం ఉంటే, టెక్సస్‌లో 254 కౌంటీలూ వేర్వేరుగా నమోదు చేస్తాయి. అందుకే పశువు ఏ ప్రాంతం నుంచి వచ్చిందో తెలియకుండా వెతకడం, ఊరి పేరు లేని ఉత్తరాన్ని బట్వాడా చేయడం లాంటిదే.

దొంగలూ తక్కువ తినలేదు. ఉన్న గుర్తుకు ఓ గీత కలిపి కొత్త గుర్తుగా మార్చేసేవారు. అనుమానం వస్తే పశువును కోసి, తోలును లోపలివైపు నుంచి చూసేవారు. పాత మచ్చ, కొత్త మచ్చ విడివిడిగా తెలిసిపోయేవి. ఇప్పటికీ అక్కడి తనిఖీ అధికారులు గుర్తు సరిగా కనిపించకపోతే ఆ చోట వెంట్రుకలు కత్తిరించి చూస్తారు.

మంటకు బదులు మంచు

నిప్పుతో కాల్చే వాత నరకమే. 1966లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కీత్ ఫారెల్ చలితో ముద్రవేసే విధానాన్ని వెలుగులోకి తెచ్చారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచిన లోహపు అచ్చును అద్దితే, రంగునిచ్చే కణాలు చచ్చిపోయి అక్కడ తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. నొప్పి బొత్తిగా లేదని కాదు, నిప్పుకన్నా నయం. అమెరికా ప్రభుత్వం పట్టి దత్తతకిచ్చే అడవి గుర్రాల మెడకు ఎడమవైపు కనిపించేది ఇదే. అంకెలకు బదులు కోణాలుంటాయి. అది పుట్టిన ఏడాదీ నమోదు సంఖ్యా అందులోనే ఉంటాయి. కోణాలు కాబట్టి మార్చడమూ కష్టమే. పందెపు గుర్రాలకైతే పైపెదవి లోపల పచ్చబొట్టు పొడిచేవారు. 2017 నుంచి పుట్టినవాటికి అక్కడ మైక్రోచిప్ తప్పనిసరి అయింది.

మరి మన దగ్గర?

మన ఊళ్లలో ఎద్దులమీద కనిపించే అడ్డగీతల వాతలు చాలావరకు యాజమాన్యం గుర్తులు కావు, జబ్బుకు చేసిన నాటువైద్యం ఆనవాళ్లు. పశువును గుర్తుపట్టడానికి ఇప్పుడు వాడుతున్నది చెవికి వేసే పసుపురంగు ట్యాగు. దానిమీదుండే పన్నెండు అంకెలే ఆ పశువుకు ఆధార్. టీకాలు, బీమా, రుణం... అన్నింటికీ అదే ఆధారం.

వాత చెరగదు, ట్యాగు మాత్రం కంపకు తగులుకుని ఊడిపోవచ్చు, దొంగ కోసేయనూవచ్చు. బీమా చేయించిన గేదె చనిపోయినప్పుడు చెవికి ట్యాగు లేకపోతే పరిహారం అందడం కష్టం. ఓ చిన్న రైతుకు అది ఏడాది సంపాదనతో సమానం. అందుకే సంతలో పశువును కొనేటప్పుడు పళ్లూ పొదుగూ చూసినట్టే ట్యాగు నంబరూ చూసుకోండి. పశువుతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. పశువుల ఆసుపత్రికి వెళ్లి వివరాలు మీ పేరుకు మార్పించుకోండి. ఊడిపోతే వెంటనే చెప్పి కొత్తది వేయించండి.

తప్పిపోయిన ఆవు తన ఇల్లు ఎక్కడో చెప్పలేదు. దాని తరఫున చెప్పేది ఆ చిన్న గుర్తే!