తిరిగివచ్చిన వ్రాతప్రతి

పంపిన నవల తిరిగివచ్చినంతనే కలమును మూలబెట్టువారిని మేమెఱుగుదుము. అట్టివారు ఆంగ్ల నవలాకర్త్రియగు జేన్ ఆస్టెన్ చరిత్రము నెఱుంగవలయును.

1797లో ఆమె తండ్రి యొక నవలను గూర్చి లండను ప్రకాశకునకు వ్రాయగా, అతడు ప్రతిని చూడనైన చూడక వలదనెను. 1803లో వేఱొకడు మఱియొక నవలను 10 పౌనులకు గొని, అచ్చువేయక యుంచుకొనెను. 1809లో ఆమె యడుగగా, సొమ్ము చెల్లించి తీసికొనుమనెను. ఆమె విసుగక, 1811లో ఇంకొక నవలను నష్టభారము తానే వహించి యచ్చొత్తించెను. అది 140 పౌనుల లాభము దెచ్చెను. తొలుత నిరాకరింపబడిన కథయే దిద్దుబాటు నొంది, 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అను పేర వెలువడెను. 1816లో ఆ 10 పౌనులు చెల్లించి రెండవ ప్రతిని విడిపించుకొనెను. అది 1817లో, ఆమె మరణానంతరము, అచ్చయ్యెను.

అచ్చు పరుల చేతిలోనిది. దిద్దుట మన చేతిలోనిది. తిరిగివచ్చిన ప్రతిని పెట్టెలో దాచక, మరల చదివి దిద్దుకొందము.