పెరోవ్‌స్కైట్ సోలార్ ప్యానెళ్లు వచ్చేదాకా ఆగాలా?

'కొత్త రకం ప్యానెళ్లు వస్తున్నాయట, చవకట, కరెంటు ఎక్కువట. అప్పటిదాకా ఆగుదామా?' మేడపై సోలార్ పెట్టించుకోవాలనుకునేవారికి వచ్చే సందేహమే ఇది. ఆ కొత్త రకం పేరు పెరోవ్‌స్కైట్.

కరెంటు తయారీలో దీనికి వంక పెట్టలేం. 2009లో జపాన్ శాస్త్రవేత్త సుతోము మియసాకా బృందం చేసిన సెల్ సామర్థ్యం 3.8 శాతమే. ఇప్పుడు ల్యాబుల్లో 26 శాతం దాటింది. సిలికాన్‌పై దీని పొర వేసిన 'టాండమ్' సెల్‌తో చైనా కంపెనీ లాంగీ 2024లో 34.6 శాతం సాధించింది.

చిక్కంతా మన్నికతోనే. సిలికాన్ ప్యానెల్‌కు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. పెరోవ్‌స్కైట్ అంత గట్టి పిండం కాదు. తొలి రకాల్లో వాడిన మిథైల్ అమ్మోనియం వేడికి ఆవిరైపోతుంది. తేమ చేరితే స్ఫటికం విడిపోయి పసుపు రంగు లెడ్ అయొడైడ్ మిగులుతుంది. మన దగ్గర మే నెలలో మేడ మీది ప్యానెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. విశాఖలాంటి తీరంలోనైతే తేమ సరేసరి. ఇవి రెండూ ఆపినా శత్రువు లోపలే ఉంది: వెలుతురు పడగానే అయొడైడ్ అయాన్లు కదిలి, వెండి ఎలక్ట్రోడ్‌ను తినేస్తాయి.

అందుకే మిథైల్ అమ్మోనియం స్థానంలో ఫార్మమిడినియం, సీసియం వాడుతున్నారు. స్ఫటికంలోని లోపాలను పలుచటి అణువుల పొరతో కప్పుతున్నారు. రెండు గాజు పలకల మధ్య పెట్టి అంచులను బ్యూటైల్ రబ్బరుతో మూసేస్తున్నారు. ఇందులో సీసం ఉంటుంది కాబట్టి, గాజు పగిలినా అది వాననీటిలో కలవకుండా పట్టి ఉంచే పొరలనూ పరీక్షిస్తున్నారు.

'1,000 గంటలు తట్టుకుంది' అనే వార్త చూసి సంబరపడకండి. అది 42 రోజులు కూడా కాదు. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో చేసే ఆ ప్రామాణిక పరీక్ష సిలికాన్‌ను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. పైగా అది చీకట్లో జరుగుతుంది. దీని అసలు గండం వెలుతురే కదా!

ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024 సెప్టెంబరులో టాండమ్ ప్యానెళ్లను తొలిసారి వాణిజ్యపరంగా అమెరికాకు పంపింది. అవి పెద్ద సోలార్ ప్లాంటు కోసం, ఇళ్లకు కాదు.

కాబట్టి ఆగనక్కర్లేదు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు, ఆపైన పెట్టించుకుంటే కేంద్రం నుంచి రూ.78,000 సబ్సిడీ వస్తుంది. అయితే దేశంలో తయారైన సెల్స్, ప్యానెళ్లే వాడాలి. పథకం అమలు గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. వెండర్‌తో మాట్లాడేటప్పుడు ప్రొడక్ట్ వారంటీ ఎన్నేళ్లు, పెర్ఫార్మెన్స్ వారంటీ ఎన్నేళ్లు అని విడివిడిగా అడిగి రాయించుకోండి.