ఏ బండి? ఎలాంటి బండి?
(ఇంగ్లీషులో విశేషణాలు)



క్వార్టర్లీ పరీక్షలో నేను "రేపల్లె గోయింగ్ ట్రెయిన్" అని రాశాను. ఎర్ర సిరాతో కొట్టేశారు. పేపర్లు ఇచ్చిన రోజు క్లాసులో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మాటలన్నీ ఇంగ్లీషువే కదా, తప్పెక్కడ అని రెండు రోజులు ఆలోచించాను. నాకు తెలిసింది మీకూ చెబుతాను.

నామవాచకం గురించి చెప్పే మాటని విశేషణం అంటాం. ఇంగ్లీషులో ఆడ్జెక్టివ్. దాని పని ఏమిటో తెనాలి స్టేషన్లో బాగా తెలుస్తుంది. అక్కడినుంచి ఒక లైను బాపట్ల మీదుగా చెన్నై వైపు పోతుంది. ఇంకోటి రేపల్లెకి పోయి అక్కడే ఆగిపోతుంది. పోయిన సంక్రాంతికి మా నాయన "బండి వచ్చింది, ఎక్కమ్మా" అన్నాడు. ఏ బండి? నాయనకి చదువు రాదు. బోర్డు నేనే చదివాను. అది బాపట్ల వైపు పోయే బండి. ఎక్కితే మా ఊరు చేరేవాళ్ళం కాదు. "ఏది? ఎలాంటిది? ఎన్ని?" అని అడిగితే జవాబు చెప్పేదే విశేషణం.

ఒక్క మాటైతే రెండు భాషల్లోనూ నామవాచకానికి ముందే వస్తుంది.
పెద్ద పడవ – బిగ్ బోట్.
నల్ల పీత – బ్లాక్ క్రాబ్.

మాటల గుంపు విశేషణం పని చేస్తే దాన్ని ఆడ్జెక్టివ్ ఫ్రేజ్ అంటారు. తేడా ఇక్కడే ఉంది. తెలుగులో గుంపు ఎంత పొడుగున్నా ముందే పెడతాం. ఇంగ్లీషులో ఎక్కువగా వెనక పెడతారు.
రేపల్లె వెళ్ళే బండి – ద ట్రెయిన్ టు రేపల్లె.
చేపలతో నిండిన బుట్ట – ఎ బాస్కెట్ ఫుల్ ఆఫ్ ఫిష్.
ఎర్ర రిబ్బను పిల్ల – ద గర్ల్ విత్ ఎ రెడ్ రిబ్బన్.
చివరిదాంట్లో రెండూ ఉన్నాయి చూడండి. "రెడ్" ఒక్క మాట, రిబ్బనుకి ముందు వచ్చింది. "విత్ ఎ రెడ్ రిబ్బన్" గుంపు, గర్ల్‌కి వెనక వచ్చింది. నేను తెలుగు వరసలో ఇంగ్లీషు మాటలు పేర్చాను. అదీ నా తప్పు.

ఇంకో సంగతి. తెలుగులో "ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు" అని మాట మారుతుంది. ఇంగ్లీషులో మారదు. షి ఈజ్ గుడ్, దే ఆర్ గుడ్. "గుడ్స్" అని రాయకండి.

సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాశాడు. ఆయనకి మన వరస తలకిందులుగా కనబడి ఉంటుంది. కాబట్టి తప్పు రాసినవాళ్ళని చూసి నవ్వొద్దు.

మేము యానాదులం. బయట కొందరు నా పేరు అడగరు, "యానాది పిల్ల" అంటారు. అది నిజమే, నాకు సిగ్గు లేదు. కానీ నా విశేషణం నేను కూడా చెప్పుకోగలను: ద ఫస్ట్ గర్ల్ టు రీడ్ ఇన్ మై ఫ్యామిలీ. మా ఇంట్లో మొదట చదువు నేర్చిన పిల్ల. దీంట్లో ముందు వచ్చింది ఏది, వెనక వచ్చింది ఏది?

ఇవి కూడా ఇంగ్లీషులో రాయండి: ఎత్తు గోడ, నీళ్ళతో నిండిన కుండ, బాపట్ల వెళ్ళే బస్సు. చీటీ మీద రాసి నాకివ్వండి, కలిసి దిద్దుకుందాం.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని